నడిగదిలో ఎవరు పడుకోవాలి

ఏదీ, ఆ ఫోను ఇటియ్యి కావ్యశ్రీ, కళ్ళజోడు పెట్టుకుని చూస్తాను. పన్నెండడుగుల వెడల్పేనా? మీ ఆయన వాటాకి అంతే వచ్చిందా? ఊఁ. ప్రభావతి ఆంటీకి వంటలు తప్ప ఏం తెలుసులే అనుకోకు. పన్నెండడుగుల జాగాలో ఇల్లు కట్టడం గురించి ఈ జురాంగ్ వెస్ట్ పేట మొత్తమ్మీద నాకు తెలిసినంత ఎవరికీ తెలీదు. మేమూ కట్టాం కదా, కాకినాడలో. మేం కట్టడమేంటిలే, మా వదిన కట్టించింది. మీ అంకుల్ వాళ్ళక్క, లక్ష్మీదేవి. నువ్వు చూళ్ళేదు, నువ్వు ఈ దేశం రాకముందే పోయింది. కాళ్ళు పైకి పెట్టుకుని కూచో, పర్లేదు, సోఫా పాతదే.

తొంభై తొమ్మిదో సంవత్సరం అనుకుంటా. అవును, కంప్యూటర్లన్నీ జనవరి ఒకటిన పిచ్చెక్కిపోతాయని ప్రపంచమంతా వణికిన ఏడాది. ఆ వణుకే మాకు అన్నం పెట్టింది. మీ అంకుల్ది బ్యాంకు కంప్యూటర్ల పని, ఎప్పుడొస్తాడో ఎప్పుడెళ్తాడో ఆయనకే తెలీదు. నాకూ ఉద్యోగం. అభిజిత్ బొత్తిగా చిన్నవాడు. అందుకని వదిన వచ్చేది. విజిట్ పాసు గడువు అయిపోగానే ఊరెళ్ళేది, కొన్నాళ్ళాగి మళ్ళీ వచ్చేది. అప్పుడు మా ఫ్లాటు చిన్నది, ఆవిడ పడక హాల్లో. ఆవిడ సంగతి చెప్పాలంటే, ఇరవై ఏళ్ళకే మొగుడితో పొసగక పుట్టింటికి వచ్చేసింది. ఆ కథ వేరే, ఇంకోసారి చెప్తా, మొగుడు మాత్రం ఉత్త దద్దమ్మ. పుట్టింట్లో వసారాలో పడుకునేది. తల్లి పోతే మీ అంకుల్ని తనే పెంచింది. ఆ ఇల్లూ పోయాక పిన్నిగారింట్లో వంటింటి గుమ్మం పక్కన చాప. తర్వాత ఇక్కడ మా హాలు. ఎక్కడైనా సరే, నలుగురూ దాటుకుంటూ పోయే చోటే ఆవిడకి పడక. మీ అంకుల్ బూట్లు టకటకలాడించుకుంటూ వచ్చేవాడు, పిల్లాడు ఫ్రిజ్ దగ్గరికి పరిగెత్తేవాడు, ఆవిడ నిద్రలోనే కాళ్ళు ముడుచుకునేది. నిద్రలోనేనమ్మా! మెలకువ కూడా వచ్చేది కాదు, కాళ్ళు వాటంతటవే వెనక్కి పోయేవి. నేను ఎన్నోసార్లు చూశాను.

సరే, కాకినాడలో ఆ జాగా వచ్చింది. పన్నెండడుగుల వెడల్పు, పొడవు మాత్రం రైలు ప్లాట్‌ఫారమంత. అటూ ఇటూ పక్కవాళ్ళ గోడలే, సందు వదిలే ప్రశ్న లేదు. మీ అంకుల్ కాగితం మీద గీశాడు. వీధివైపు హాలు, దాని వెనక వంటిల్లు, బాత్రూము, తర్వాత ఒక గది, దాని వెనక ఇంకో గది, చివర కాస్త పెరడు. హాల్లోంచి పెరటిదాకా ఓ పక్కన మూడడుగుల నడవా. "అక్కా, ఆ లోపలి గదుల్లో ఒకటి నీది. నీకంటూ ఒక తలుపు" అన్నాడు. ఆవిడ కాగితాన్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది. "ఇందులో నాకేం కనపడట్లేదురా మధూ, గచ్చు మీద వేసి చూస్తాను" అంది. గచ్చంటే మా బ్లాకు కింద వాయిడ్ డెక్, తెలుసుగా, స్తంభాల మధ్య ఖాళీ. టెక్కా మార్కెట్నుంచి బియ్యప్పిండి తెప్పించుకుని, టేపు పెట్టి కొలుచుకుంటూ, ఇల్లంతా అసలు సైజులో ముగ్గేసింది. గుమ్మాలతో సహా! తన గదిలో మంచం, బీరువా, కిటికీ కూడా వేసుకుంది. మూడో అంతస్తు మలాయ్ మక్‌చిక్, అదే, వాళ్ళ భాషలో పెద్దమ్మ, వచ్చి, కూరల సంచీతో గీత ముందు ఆగిపోయి, "డోర్ ఎక్కడ?" అనడిగి, చుట్టూ తిరిగి గుమ్మంలోంచే వచ్చింది. ఊడ్చే ముసలావిడ మాత్రం "అయ్యో, చీమలొస్తాయి లా!" అని ఇక్కడి యాసలో కేకలు. వదిన ఆ గీతల మధ్య కూచుని ఎంతసేపటికీ లేవలేదు. నేను అన్నం తిందువుగాని రమ్మంటే, "మా ఇంట్లో ఉన్నాను, కాస్సేపాగి వస్తాను" అంది. నవ్వొచ్చింది నాకు.

అసలు తప్పు అక్కడే జరిగింది. ముగ్గు గీతకి లావు ఉండదు కదమ్మా. ముగ్గులో గోడ ఎంత జాగా తింటుంది? ఏమీ తినదు. ఇటుక గోడ తింటుంది. మీ అంకుల్ సిమ్ లిమ్ స్క్వేర్ కంప్యూటర్ షాపుల్లో ఇళ్ళ ప్లాన్లు గీసే సీడీ ఒకటి కొనుక్కొచ్చాడు. ఇవే కొలతలు అందులో కొడితే, ఇల్లు జాగాలో పట్టట్లేదు అంటుంది అది. "దొంగ సీడీ అంటగట్టాడే!" అని వారమంతా షాపువాణ్ణి తిట్టాడు. పోనీ కాస్త బుర్ర పెడతాడా? అంత చదువూ చదివి! చివరికి చూస్తే సీడీ గోడల మందం కలుపుకుంటోంది, ఈయన కలపలేదు. రెండు పక్కలా తొమ్మిదంగుళాల గోడలు, నడవాకి ఇంకో గోడ. నడవా ఉంచితే గది ఏడడుగులు. మంచం వేస్తే బీరువా పట్టదు, బీరువా పెడితే మంచం పట్టదు. నడవా తీసేస్తే గదులు బానే ఉంటాయి, కానీ రైలు పెట్టెలే. వెనక గదిలో ఉన్నవాళ్ళు బయటికి రావాలంటే నడిగదిలోంచి నడవాలి. వేరే దారి లేదు. మీ అంకుల్ తేల్చేశాడు. వీధి తూర్పు, కాబట్టి వెనక గది నైరుతి, యజమాని గది, మాది. నడిగది అక్కది. "అక్క సర్దుకుపోతుందిలే" అన్నాడు. వదిన ఆ మాట వింటూనే ఉంది. పెసరట్టు తిరగేస్తోంది. తిరగేసి, ప్లేట్లో వేసి, ఆయన ముందు పెట్టింది.

ఆ ఆదివారం పొద్దున్నే మళ్ళీ కిందికెళ్ళింది, పిండి డబ్బా, చాప పట్టుకుని. ఈసారి గోడకి రెండేసి గీతలు, మధ్యలో తొమ్మిదంగుళాలు వదిలి. చోటు కూడా మార్చింది. వెనకటి సారి స్తంభాల అవతల, ఎవరికీ అడ్డం లేకుండా వేసింది. ఈసారి సరిగ్గా లిఫ్టు ముందు. నడిగది లిఫ్టుకి వెళ్ళే దారి మీద పడింది. మమ్మల్ని పిలిపించి, చాప పరిచి, "మధూ, పడుకో" అంది. "ఇదేంటక్కా, అందరూ చూస్తారు!" "చూడనీరా. నీ ఇల్లేగా. కాస్సేపు పడుకో." అక్క మాటంటే ఆయనకి భయం, ఇప్పటికీ ఎవరైనా ఆవిడ పేరెత్తితే సర్దుకుని కూచుంటాడు. పడుకున్నాడు. మార్కెట్ వేళ కదా, జనం. మక్‌చిక్ వచ్చి, పాపం, "సారీ, సారీ" అంటూ ఈ గుమ్మంలోంచి వచ్చి ఆ గుమ్మంలోంచి పోయింది. ఈయన కాళ్ళు ముడుచుకున్నాడు. చాపుకున్నాడో లేదో సైకిలు నడిపించుకుంటూ ఇద్దరు. మళ్ళీ ముడుచుకున్నాడు. పిట్ట పంజరం పట్టుకుని చైనీస్ తాత ఒకాయన ఆగి, వంగి చూసి, "సిక్ ఆహ్? అంబులెన్స్ పిలవనా?" అన్నాడు. వదిన ముగ్గులోని వెనక గదిలో స్తంభానికి చేరబడి చిక్కుడుకాయలు వలుస్తూ, "లేదు బాబూ, నిద్రపోతున్నాడు" అని తెలుగులోనే చెప్పింది. ఆయనకి అర్థమైందో ఏమో తల ఊపి వెళ్ళిపోయాడు. నాకు సిగ్గుతో ప్రాణం పోతోంది, అటువైపు మా ఆఫీసు అమ్మాయి కూడా ఉండేది. ఎంతసేపున్నాడో తెలీదు, మొత్తానికి మీ అంకుల్ లేచి కూచున్నాడు. మోకాళ్ళు పట్టుకుని తన కాళ్ళకేసే చూసుకుంటున్నాడు. "వెనక గది నీదక్కా" అన్నాడు.

నేనూరుకుంటానా? "నైరుతి యజమానిది కదండీ, వాస్తు ఏమవుతుంది?" అన్నాను. వాస్తు మీద నమ్మకం ఉండి కాదు, అప్పుడు చేతికి దొరికింది అదొక్కటే. వదిన కాయలు పక్కన పెట్టి, "ప్రభా, నువ్వు వెనకుంటే మీరు ముగ్గురు నా మీంచి నడుస్తారు. నేను వెనకుంటే నేనొక్కత్తిని మీ మీంచి నడుస్తాను. అదీ మీరొచ్చిన నెల రోజులు. మిగతా పదకొండు నెలలు అక్కడుండేది ఎవరు? యజమాని ఎవరో నువ్వే చెప్పు, చదువుకున్నదానివి" అంది. నాకు ఒళ్ళు మండింది. మండదా? అప్పు కట్టేది మేము, వెళ్తే పడుకునేది దారిలోనా? ఆ కోపం న్యాయమేనని ఇప్పటికీ అంటాను. ఆవిడ అడిగిందీ న్యాయమే. రెండు న్యాయాలు పన్నెండడుగుల్లో పట్టవు, ఏం చేస్తాం. అలాగే కట్టారు.

మొదటి వేసవికి వెళ్ళాం. నడిగదిలో కొత్త మంచం, పైన వెలుతురికి ఓ గాజు పలక, బానే ఉంది. వదిన అన్నాలయ్యాక లోపలికెళ్ళి తలుపేసుకుని గడియ పెట్టుకుంది. గడియ చప్పుడు మాకు ఇవతలికి వినబడింది. మీ అంకుల్ కాస్సేపు అటూ ఇటూ తిరిగాడు. పుట్టినప్పట్నుంచీ అక్క దగ్గరికి వెళ్ళడానికి తలుపన్నదే లేదు కదా ఆ మనిషికి. చివరికి వెళ్ళి రెండు వేళ్ళతో కొట్టాడు. "ఎవరూ?" "నేనక్కా." "ఏం పని?" ఈయనకి పనేముంది? "పనేం లేదు" అన్నాడు. "అయితే నేను లేచాక రా" అంది లోపల్నుంచి. మంచం కిర్రుమంది, అటు తిరిగి పడుకున్నట్టుంది. మీ అంకుల్ వచ్చి నా పక్కన కూచుని, పిల్లాడికి క్లాసులో ఫస్టు వచ్చిందని చెప్పినట్టు, "ఏం పని అంటోందే మా అక్క!" అన్నాడు. ఊళ్ళో అందరికీ చెప్పాడు ఆ మాట. ఏం పని అందట.

ఊఁ...

కాఫీ పెట్టనా, టీ తాగుతావా?