తలకాయల లెక్క

హలో… ఆ, నేనే అత్తా, వంశీని. అనంతపురం నుంచే… ఏందత్తా, గొర్ల అరుపులే వినిపిస్తాండాయి. నీ గొంతు యాడో దూరంగా ఉండాది—

…గొర్ల బేరగాడు కొండప్ప వచ్చినాడా? టెంపో కూడా తెచ్చినాడా?

…పన్నెండూ అమ్ముతాండావా! చూడితో ఉండే తల్లిగొర్లు కదత్తా అవి!

…ఆ దుడ్లతో ఇంగా షేర్లు కొంటావా? నేను చెప్పినానా?… ఆ, చెప్పినా. "ధర తగ్గినప్పుడే ఇంగా నాలుగు షేర్లు కొనుక్కోవల్ల" అని. అది రెండేండ్ల కిందటి మాట.

…వద్దత్తా. ఒక్కదాన్ని కూడా టెంపో ఎక్కించొద్దు. నేను చెప్పేది వినేంత వరకన్నా ఆపు.

…బయానా తీసుకుంటివా? కొండప్పకు నేను తిరిగి ఇస్తాలే. ముందు గొర్లను దొడ్లోకి తోలు.

…తెలుసు. నీ ఫోన్లో ఇరవై వేలు అట్లనే చూపిస్తాది. అది షేర్లు ఎన్ని ఉండాయనే లెక్కత్తా. వాటి ధర కాదు.

…అవును. ఒక్కటీ చావలేదు, ఒక్కటీ తప్పిపోలేదు. మందను లెక్కబెట్టినట్ల పొద్దున్నే చూసుకుంటాండావని నాకూ తెలుసు. తలకాయలు అన్నీ ఉండాయి. కొనేవాడే లేడు.

…ఎంతని చెప్పల్ల. నువ్వు రెండు రూపాయలకు కొన్న షేరు ఇప్పుడు ఇరవై పైసలు. దానికీ అడిగే దిక్కు లేదు.

…షేరంటే గొర్రెపిల్ల అని చెప్పింది నేనే. అగ్గువకు కొని ఓపిగ్గా మేపితే పొట్టేలు అవుతుందని. నీకు బాగా అర్థమయ్యేటట్ల చెప్పినానని ఎంత మురిసిపోతినో! గొర్రెపిల్లనైతే నువ్వు దాని నోరు తెరిచి పండ్లు చూసి కొంటావు. ఆ కంపెనీ గేటు ఎట్లుంటాదో కూడా నేను చూడలేదు.

…ఇంగా ఓపిక పడతావా? నీ ఓపికకేం తక్కువత్తా. వానకు నాలుగేండ్లు ఎదురుచూసిన దానివి. నేను… దాన్నే వాడుకున్యా.

…అంటే… నా షేర్లు ఇప్పుడు లేవు.

…పోలేదు. అమ్మేసినా.

…పోయిన ఉగాదికి. పదకొండు రూపాయలున్నప్పుడు.

…అవును, ఆ పొద్దే. "అమ్మేదా నాయనా" అని నువ్వే ఫోన్ చేసి అడిగినావు. "ఓపిక పట్టత్తా" అన్నా. ఒక చేత్తో నావి అమ్మకానికి పెడతా, ఇంగో చేత్తో ఫోన్ పట్టుకోని ఆ మాట చెప్పినా.

…ఎందుకంటే… అది దినానికి గుప్పెడు మంది కొనే షేరత్తా. నువ్వు అమ్మితే పక్కింటి ఓబులవ్వ అమ్ముతాది. నన్ను నమ్మి కొన్న మీ వీధోళ్లంతా అమ్ముతారు. నావి అమ్ముడుపోయేలోపల ధర పడిపోతాదని భయపడితి. రెండు దినాలు ఆగి మీకు చెబుదామనుకున్యా. ఆ రెండు దినాల్లోనే దిగిపాయ. ఇంగ చెప్పేకి నోరు రాలేదు.

…ఆ దుడ్లతో మిద్దె మీద ఇంగో అంతస్తు వేసినా. గృహప్రవేశానికి వచ్చి నువ్వే కదా నాకు దిష్టి తీసినావు. ఆ పొద్దు తల ఎత్తి నీ మొగం చూడలేకపోతి.

…తిట్టత్తా. తిట్టు. సిగ్గులేనోన్నే. నీ దుడ్లు నేనిస్తా, పైసాతో సహా—

…దుడ్లు వద్దా? మరేం కావల్ల?

…ఓబులవ్వకా? చెబుతాలే. ఆమె కమ్మలు అమ్మి కొన్నదని తెలుసు. ఆయమ్మకు మెల్లగా, నిదానంగా… నాలుగు దినాలు పోనీ, నేనే ఊరికొచ్చి—

…ఏంది? ఆడనే ఉండాదా?

…గొర్రెను పట్టుకున్యారా… ఇద్దరూనా… చేతులు ఖాళీ లేక ఫోన్ గోడ మీద పెట్టి…

…మొదటి నుంచీ స్పీకర్లోనేనా?

…

ఓబులవ్వా…

…

…ఆ. నేనే.