పచ్చాకు కట్టు

కాలిలోంచి దారంలాంటి పురుగు బయటికొచ్చే నారికురుపుకు ఉమ్మెత్తాకు కట్టే ముసలమ్మను వెతుక్కుంటూ, మదనపల్లె నుంచి ఒక పరిశోధకుడు వి.కోట దగ్గరి పల్లెకు రెండోసారి వచ్చాడు. అది 1983 శ్రావణం. దారంతా కూడబలుక్కున్న మాట గడప ముందు కూర్చోగానే చెప్పేశాడు.

"అమ్మా, మీ ఆకులో గుణం లేదని పోయినేడు కాగితం రాసిచ్చినాను. అది తప్పు. ఆకు వాపు తీస్తాండాది."

"ఎట్ల తప్పు పోయింది నాయనా?"

"అప్పుడు ఎండబెట్టిన ఆకు పరీక్ష చేసినాను. ఈ తూరి పచ్చాకు."

"వాడిపోతే పనికిరాదని సెప్పింటినే."

"చెప్పినారు. నేనే రాసుకోలేదు."

అతను పెరటివైపు చూస్తూ మాట మార్చాడు.

"మునెప్ప యాడమ్మా? ఆ పొద్దు ఆకు కోసిచ్చింది మీ కొడుకే గదా."

"ఉగాది ముందర వానికే నారి లేసింది. లాగితే పురుగు లోపల్నే తెగింది. కాలు తొడదాకా వాసింది. అమ్మా, ఆకు కట్టు అన్యాడు."

"కట్టినారా?"

"నీ కాగితం సూపించి ఊరందరికీ కట్టేది మానేసినదాన్ని, కొడుక్కి యాల కడతా? ఆకులో ఏం ల్యాదంట కొడుకా అని వానికి సెప్పి, కుప్పం ఆసుపత్రికని బస్సెక్కించినా. దోవలోనే పాణం పాయ."

"పాపం నాదమ్మా."

"నువ్వు కాగితం సూసినోనివి. నేను ముప్పై ఏండ్లు కురుపు కాళ్లు సూసినదాన్ని, అయినా కాగితాన్నే నమ్మితి."

ఆమె లేచి పెరట్లోకి పోయి, గుప్పెడు ఆకు కోసి తడిగుడ్డలో చుట్టి తెచ్చింది.

"ఇంద, వాడిపోకముందే నూరు. ఈ తూరి రాసుకో."