ప్రదక్షిణకి రాని మోకాలు

విశాఖ వెళ్ళే బండి కోసం భార్యాభర్తలిద్దరూ కొత్తవలస స్టేషన్లో ఫుట్‌బ్రిడ్జి దిగి బెంచీ మీద కూర్చున్నారు. అతని మోకాలికి కట్టు ఉంది.

“ఇయ్యాల బూట్లు కొనీసి, రేపట్నుంచి పరుగు మొదలెడతానే. బీచిరోడ్డు మారథాన్‌కి ఆఫీసోల్లతోపాటు నా పేరూ ఇచ్చీసినాను.”

“ఇప్పుడా మెట్లు ఎవరి భుజం పట్టుకుని దిగినావు బావా?”

“అలవాటు లేక. పరిగెడితే అదే సర్దుకుంటాది.”

“డాక్టరు నడకే తగ్గించమన్నాడు. నీకు పరుగు కావలసొచ్చినాది.”

“ఆకర్దాకా పరిగెట్టినోల్లకి మెడల్ ఏస్తారే.”

“ఏసుకుని మంచమ్మీద పడుండు. సూడ్డానికి బాగుంటాది.”

“నీకేటి తెలుసు. మనసు గట్టిగుంటే మోకాలు అడ్డం రాదు.”

“ఆసాడంలో సింహాచలం కొండ సుట్టూ గిరి ప్రదక్షిణకి రమ్మంటే ఆ మనసు ఎక్కడికెల్లిపోయినాది? మోకాలు నొప్పని టీవీ ముందు కూకున్నావు.”

“అప్పుడు నిజంగా నొప్పే. అయినా నువ్వెల్లినావు గదా.”

“ఎల్లినాను. కాళ్ళకి సెప్పుల్లేకుండా, ఆ వానలో కొండంతా తిరిగినాను. ఎందుకనుకున్నావు? నీ మోకాలు తగ్గాలని మొక్కుకుని.”

అతను వంగి ఆమె పాదాలకేసి చూశాడు.

“మరి నీ కాళ్ళు ఎలాగున్నాయే?”

“బొబ్బలు మానిపోయి, కార్తీకం కూడా వచ్చీసినాక అడగతన్నావు. లే, బండొస్తన్నాది. భుజం పట్టుకో.”