వీపున చుక్క లేని తాబేళ్లు

చెరువు గట్టు. తాబేళ్లను లెక్కించే శాస్త్రవేత్త, చెరువుకి కాపలా ఉండే పెద్దాయన.

“...మళ్లీ చూడమ్మా, బురద కింద ఉందేమో చుక్క.”

“అన్నీ కడిగే చూశాను బాబాయ్. పోయిన వారం నలభై పట్టి, వీపు మీద తెల్ల చుక్క పెట్టి వదిలానా? ఇవాళ మళ్లీ నలభై పట్టాను. రెండింటికే ఉంది చుక్క.”

“రెండా! మంచిదేగా.”

“మంచిదేంటి?”

“అబ్బే, ఊరికే అన్నాను.”

“పట్టినవాటిలో ఇరవైకి ఒక్కదానికే చుక్క ఉందంటే, చెరువు మొత్తంలోనూ అంతే అనుకోవాలి. చుక్క పెట్టినవి నలభై. అంటే మొత్తం...”

“ఎనిమిది వందలు!”

“టక్కున చెప్పేశారే!”

“ఏదో... నోటికొచ్చింది చెప్పానమ్మా.”

“సరిగ్గానే వచ్చింది. కానీ ఇంత చిన్న చెరువుకి ఎనిమిది వందలంటే మరీ ఎక్కువట. ఆరు వందలు పట్టుకెళ్లి వేరే చోట వదులుతారట. సోమవారం లారీ వస్తుంది.”

“లారీనా? ఎవరి లారీ? ఎక్కడ వదులుతారు?”

“నాకేం తెలుసు?”

“అన్ని లేవమ్మా!”

“లెక్క చెబుతోందిగా.”

“లెక్క మొహం! లెక్కకేం తెలుసు? నేను... ఆ చుక్కలు...”

“ఆ చుక్కలు?”

“తుడిచేశాను.”

“బాబాయ్!”

“కొన్నే.”

“కొన్నంటే?”

“ముప్పై.”

“ముప్పై తాబేళ్లు మీ చేతికెలా చిక్కాయి?”

“పొద్దున్నే గింజలేస్తానుగా, నా చెప్పుల చప్పుడు వింటే చాలు, అవే వస్తాయి. గుడ్డకి కాస్త నూనె రాసి...”

“ఎందుకు చేశారీ పని?”

“మొన్న మీ పెద్దసారుతో నువ్వు అనలేదూ, చుక్కలు తక్కువ దొరికితే తాబేళ్లు ఎక్కువున్నట్టని? ఆయనేమో, తాబేళ్లు లేకపోతే చెరువు పూడ్చి కార్లు పెట్టుకుంటారని అన్నాడు. ఇద్దరి మాటలూ కలిపి చూసుకున్నా.”

“మీరు కాపలా కాయాల్సింది చెరువుకి, మా మాటలకి కాదు.”

“చెరువుకేగా కాసింది!”

“సరే, ముప్పై పోతే మిగిలిన చుక్కలు పది. ఇరవై పదులు... రెండు వందలు.”

“రెండు వందలుంటే చెరువు ఉంచుతారా?”

“వంద ఉన్నా ఉంచుతారు.”

“ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా తల్లీ!”

“మీరు ముందే అడగొచ్చుగా!”

“ఇకమీదట అడుగుతాలే. ముందు ఆ లారీవాళ్లకి ఫోన్ చెయ్యి.”

“ఎవరికి?”

“అదేనమ్మా, సోమవారం లారీ...”

“లారీ లేదు, గీరీ లేదు. వీపుల మీద నూనె జిడ్డు చూడగానే అనుమానమొచ్చి, మీ నోటితోనే చెప్పించాలని లారీ కథ అల్లాను. చుక్కలు ఎవరు తుడిచారో తెలిసేదాకా ఆఫీసుకి ఒక్క అంకె కూడా పంపకూడదని నేనే ఆగాను, బాబాయ్.”