అపెండి... సై!

గుంపస్వామికి ఇంగిలీసు వచ్చంట. ఎవరన్నారంటే, ఆయనే అన్నాడు. ఐదో క్లాసు దాకా చదివాడు కదా మరి. ఓ రోజు ఏమైందంటే, తెల్లారేసరికి ఆయన పెళ్లాం ఎర్రయ్యమ్మకి కడుపులో నొప్పి. మామూలు నొప్పి కాదు, మెలికలు తిరిగిపోతోందనుకో. ఊరి నర్సమ్మ వచ్చి కుడిపక్క నొక్కి చూసి, ఇది అపెండిసైటిస్‌లా ఉంది, వెంటనే పట్నం తీసుకుపో, డాక్టరుకి ఈ మాట చెప్పు అందంట. చీటీ రాసివ్వనా అంటే, నాకు ఇంగిలీసు రాదనుకున్నావా అని ఈయనకి పౌరుషం. తీరా చూస్తే నోరు తిరిగితేనా! అపెండి అంటాడు, సిటిపెండి అంటాడు. పాపం ఆ నర్సమ్మే, "ఓరయ్యా, ముక్కలు చేసుకుని పలుకు. అ, పెం, డి, సై, టిస్. సై కాడ బరువెయ్యి, మిగతాయి తేలిగ్గా వదిలెయ్యి" అని నేర్పింది.

అప్పటికి మా ఊరికి బస్సు లేదులెండి. ఎడ్లబండిలో పెళ్లాన్ని పడుకోబెట్టి తోలుతున్నాడు. మాట మర్చిపోతే మనిషి దక్కదేమోనని భయం, దారంతా అదే పాట. అ... పెం... డి... సై! టిస్. వెనకనించి ఎర్రయ్యమ్మ, "నీ ఇంగిలీసు తగలెయ్య, ముందు ఎడ్లని అదిలించు" అని మూలుగుతోంది. వింటేనా? దారి పక్కన గోదాలో కుస్తీలు పడుతున్నారు. వస్తాదు దాలయ్య తొడ కొట్టి, నాతో పట్టేవోడెవడ్రా అని అరిచాడంట. సరిగ్గా అప్పుడే మనోడు బరువేశాడు, "సై!" అని. ఇంకేముంది! దాలయ్య వచ్చి ఈయన్ని బండి మీంచి లాగి, ఎత్తి ఇసకలో బోర్లా ఏశాడు. "బాబో, నేనింకా టిస్ అన్లేదు!" అంటాడీయన. ఎర్రయ్యమ్మ కడుపు పట్టుకుని లేచి, "అయ్యా, అది కుస్తీకి కాదయ్యా, నా రోగం పేరు!" అని ఏడ్చింది. దాలయ్య ముఖం పాలిపోయిందనుకో. తప్పయిపోయిందమ్మా అని, గోదా కాడున్న జీపెక్కించి ఇద్దర్నీ తనే ఆసుపత్రికి తీసుకుపోయాడు.

డాక్టరు, ఏంటమ్మా బాధ అన్నాడు. గుంపస్వామి ముందుకొచ్చాడు. పెదవి బూరెలా వాచిపోయింది కదా, "అఫెం" దాకా వచ్చి ఆగిపోయాడు. ఎర్రయ్యమ్మే, "కడుపునొప్పి బాబూ" అంది. అంతే, డాక్టరు నొక్కి చూడ్డం, లోపలికి తీసుకెళ్లి ఆపరేషన్ చెయ్యడం. ఇంకో పూట ఆగుంటే మనిషి దక్కేది కాదన్నాడంట.

ఆవిడ లేచి తిరిగాక ఊళ్లో ఇదంతా చెప్పిందెవరనుకున్నారు? గుంపస్వామే. "తెలుగులో ఒక్క మాటతో పోయేదాన్ని ఇంగిలీసులో ముక్కలు చెయ్యబోయి, నేనే ముక్కలయ్యాను" అని తనే ముందు నవ్వేవోడు. నేను మాత్రం ఈ కథ చెప్పేటప్పుడు ఆ సై కాడికొచ్చేసరికి, వినేవోళ్ల కండలు చూసుకునే గొంతు పెంచుతాను బాబూ.