తూర్పు దిక్కు తండ్రి

తెల్లవాళ్ళతో సంధి మాటలు తెల్లారినప్పటి నుంచీ సాగుతున్నాయి. అమెరికా ఆదివాసులైన చెరోకీల సభామందిరంలో, ఒడిలో హంస రెక్క పెట్టుకుని కూర్చున్న పెద్దామెకు నడుము పట్టేసింది. ఆ రెక్క లేస్తే ఎంతటి యోధుడైనా నోరు మూసుకోవలసిందే. దుబాసీ ఆమె చెల్లెలి కొడుకే.

“పెద్దమ్మా, నిద్రపోతున్నావా?”

“ఈ సంధి కుదిరేలోగా నాకు సంధి కొట్టేలా ఉందిరా. ఆ తెల్లవాడు ఏమంటాడు?”

“తూర్పున ఉన్న వాళ్ళ దొర మనందరికీ తండ్రట. ఏటి అవతలి మొక్కజొన్న చేలు ఆ తండ్రి చేతిలో పెట్టమంటున్నాడు. మనవాళ్ళు సరేననేలా ఉన్నారు.”

“ఎందుకట?”

“తండ్రేగా, ఏం చేస్తాడని. మా నాన్నలాగే వేటమాంసం తెస్తాడు, పిల్లల్ని ఆడిస్తాడు, అమ్మ పొమ్మంటే మూట సర్దుకుని వాళ్ళమ్మ ఇంటికి పోతాడు.”

ఆమె కళ్ళు నులుముకుంది. “అప్పట్లో మనవాళ్ళు మంటల్లో వేయబోతే నేను విడిపించిన తెల్లపిల్ల, వాళ్ళ తండ్రుల గురించి వేరేలా చెప్పేది. వాణ్ణే అడుగు. వాళ్ళ ఇళ్ళల్లో తండ్రి ఇల్లు అమ్మేస్తే తల్లి ఎక్కడ పడుకుంటుందట?”

అతను అడిగి వచ్చాడు. “ఆయన పడుకోమన్న చోటట. పిల్లలు మాట వినకపోతే బెత్తం కూడా ఆయనదేనట.”

“మన పిల్లల్ని దండించే హక్కు ఎవరిది?”

“మేనమామది.”

హంస రెక్క లేచింది. సభ నిశ్శబ్దమైంది.

“అందరికీ వినపడేలా చెప్పు నాయనా. వీళ్ళు తండ్రి అంటున్నది మీ నాన్నలాంటి వాణ్ణి కాదు, మేనమామని. చేలు మా ఆడవాళ్ళవి. మా అమ్మ కడుపున అలాంటి కొడుకెవడూ పుట్టలేదని కూడా చెప్పు.”