తువ్వాలు వేసిన సీటు

మాచర్ల దగ్గర ఒక ఊరి సర్కారు బడి. జూన్ నెల, ఇంకా గంట కొట్టలేదు. ప్రభావతి మేడం తాళం తీస్తుండగానే పొలం నుంచి మట్టికాళ్లతో వచ్చిపడ్డాడు అంకారావు. ఒకప్పుడు ఇదే బడిలో ఆమె చేత దెబ్బలు తిన్నవాడే.

“అది కాదు మేడంగారూ, కాన్వెంటుకి మీరొక్క ఫోన్ చేస్తే అయిపోద్ది. పిల్ల పేరు తీసి పిల్లోడి పేరు రాసుకోమనండి, అంతే.”

“కూర్చో అంకారావ్. టీ తాగుతావా? ఫ్లాస్కులో ఉంది.”

“టీ ఏందండీ! కాసేపట్లో కాన్వెంటు వ్యాన్ వచ్చిద్ది. ఉదయ్‌ని ఎక్కించాల.”

“ఫ్రీ సీటు లాటరీలో ఎవరి పేరొచ్చింది?”

“సాత్విక పేరే. ఫీజంతా గవర్నమెంటే కడుద్దంట.”

“మరి ఉదయ్ ఎట్టా ఎక్కుతాడు?”

“ఫ్రీ సీటు ఒకటో తరగతికేనన్నారు. వాడు రెండుకొచ్చాడాయె. అందుకని చెల్లెలి పేరు పెట్టా. మాచర్ల బస్సులో కిటికీలోంచి తువ్వాలు ఏస్తామా లేదా? ఏసినాక సీటు మనది. ఎవుర్ని కూర్చోబెట్టుకుంటే ఎవురికేంది?”

“నీ కూతురు తువ్వాలట్రా?”

“అట్టా అనబాకండి. అదంటే నాకు ప్రాణం.”

“ప్రాణమే. కాదన్లా.”

“మరి చెయ్యండి ఫోను.”

“పంచదార సరిపోయిందా?”

“సరిపోయింది. మేడం...”

“ఈ ఏడు పత్తా, మిరపా?”

“పత్తేనండీ. మాట దాటేస్తన్నారేంది మీరు?”

“దాటెయ్యట్లా. మార్చటం కుదర్దురా. నేను చెప్పినా కుదర్దు, నా పైవాళ్లు చెప్పినా కుదర్దు. పిల్ల పేరునొచ్చింది, పిల్లే వెళ్లాలి. లేకపోతే సీటు పోద్ది.”

“పోతే పోనియ్యండి.”

“ఏందీ?”

“వద్దని చెప్పేస్తా. దాన్ని మీ బళ్లోనే ఏస్తా. మీకూ మంచిదేగా! ఇంకొక్క పిల్ల తగ్గితే ఈ బడి ఎత్తేసి కాలవవతల బళ్లో కలుపుతారని మొన్న మీటింగులో మీరు ఏడ్చినంత పని చేశారు.”

“చేశా.”

“అన్నం వండే మరియమ్మకి పని పోద్దన్నారు. చిన్నపిల్లలు కాలవ గట్టు మీద నడవాలన్నారు. మా ఉదయ్ కూడా నడవాల్సిందేగా?”

“అందరూ నడవాల్సిందే.”

“అయినా ఈ గవర్నమెంటుని అనాల. ఇక్కడ కప్పు కారతంటే పైసా ఇయ్యదు. అక్కడ కాన్వెంటోడికి మాత్రం ఫీజు కడుద్ది. ఇంక జనం అటు పోక ఇటొస్తారా?”

“రారు. అందుకే ఇల్లిల్లూ తిరిగా, పిల్లల్ని ఆపమని.”

“మా ఇంటికీ వచ్చారంటగా.”

“వచ్చా. నువ్వు లేవు. నాగవల్లి ఉంది.”

“మా ఆవిడ ఏమంది?”

“మంచినీళ్లిచ్చింది.”

“అది కాదండీ, సాత్విక సంగతి...”

“ఆ హారనేంది?”

“వ్యానే! నీళ్ల ట్యాంకు కాడికొచ్చినట్టుంది. ఉండండి, సీటొద్దని డ్రైవరుకి చెప్పొస్తా.”

“కూర్చో. టీ వదిలేసి పోతావా? మీ అక్క రోహిణి ఎట్టా ఉంది?”

“ఇప్పుడు అక్కెందుకండీ!”

“ఊరికే అడిగా. నీకంటే బాగా చదివేది.”

“అవును. నా లెక్కలన్నీ అదే చేసిచ్చేది.”

“మరి మీ నాయన మాచర్ల బడికి ఎవర్ని పంపాడు?”

“నన్నే.”

“ఏం చేశావు?”

“టెన్తు తప్పా. మీకు తెల్దా ఏంది?”

“రోహిణి ఏం చేస్తంది?”

“కూలికి పోతంది. మేడంగారూ, పొద్దున్నే ఎందుకండీ నన్నిట్టా... సరే, తప్పే. కానీ మగపిల్లోడు ఇక్కడ, ఆడపిల్ల కాన్వెంటులో అంటే ఊరు నవ్వదా? దాని పేరు మీ రిజిస్టర్లో రాసేసుకోండి. మీ బడి నిలబడుద్ది, నా పరువూ నిలబడుద్ది.”

“రాసుకోవాలనే ఉందిరా. నాకు మాత్రం లేదా ఆశ? దేవుడి మీద ఒట్టు, నిద్ర పట్టలేదు.”

“మరింకేంది? రాయండి.”

“అంకారావ్...”

“చెప్పండి.”

“ఏం లేదు. కారం పొడి తెచ్చిపెడతానన్నావు పోయినేడు.”

“మేడం, హారన్ అటు పోతందేంది? మెయిన్ రోడ్డెక్కేసింది! బడి కాడికి రమ్మని డ్రైవరుకి నేను మరీమరీ చెప్పా.”

“నేనే వద్దన్నా. నీళ్ల ట్యాంకు కాడే ఆగి ఎక్కించుకోమన్నా.”

“మీరా? ఎందుకు?”

“నిన్న నువ్వు దుక్కికి పోయినాక నాగవల్లిని, పిల్లని మాచర్ల తీసుకెళ్లి సీటు ఖాయం చేయించింది నేనేరా. సాత్విక ఆ వ్యాన్లోనే పోతంది.”